ఎస్టీమ్ 2004: ఐడ్లింగ్ 1,300 కిందికి దిగడం లేదు, మెకానిక్ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మార్చమంటున్నాడు

ఓరుగల్లు ఎస్టీమ్ – హన్మకొండ

అందరికీ నమస్కారం. బండి 2004 మారుతీ ఎస్టీమ్ విఎక్స్‌ఐ, ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ కాదు, ఇంజెక్షన్) పెట్రోల్. నేను మూడో ఓనర్ని. పాత ఓనర్ గ్యాస్ కిట్ పెట్టించి, అమ్మే ముందు తీయించేశాడు. ఇంజిన్ శబ్దం బాగుంది, పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు.

మొన్న ఎండాకాలంలో ఏసీ వేస్తే సిగ్నళ్ల దగ్గర ఆగిపోయేది, ట్రాఫిక్‌లో హీట్ కూడా అయ్యేది. గ్యారేజీలో ఇస్తే "సెట్ చేశాం" అని ఇచ్చారు. ఏం సెట్ చేశారో చెప్పలేదు. ఆ తర్వాత ఆగిపోవడం, హీటవడం రెండూ పోయాయి.

చలికాలం వచ్చాక ఐడ్లింగ్, అంటే రేస్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, ఎక్కువైంది. సరే, మురికి పట్టిందేమో అని థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే రేకు ఉండే భాగం) క్లీన్ చేయిస్తే ఇంకా పెరిగింది. ఇప్పుడు హైవే మీద నడిపి ఆపితే 1,600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నిలబడుతుంది. ఊళ్లో ట్రాఫిక్‌లో కాసేపు తిరిగితే 1,300కి వస్తుంది. రేస్ వదిలినా ముల్లు నిదానంగా దిగుతుంది. సెకండ్ గేర్లో కాలు తీసేసినా బండి దానంతట అదే ఉరుకుతుంటే బ్రేక్ మీద కాలు పెట్టుకునే తిరుగుతున్నా. మైలేజీ కూడా బాగా పడిపోయింది. ఇంజిన్ లైట్ వెలగడం లేదు.

మెకానిక్ ఏమో ఈసీయూ పోయింది, సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి వేస్తానంటున్నాడు. వేయించమంటారా?

సాంట్రో సీమ – కర్నూలు

ముందు ఐఏసీ వాల్వ్ (ఐడ్లింగ్‌లో గాలిని వదిలేది) చూడండి. నా సాంట్రోకి అదే. విప్పి క్లీనర్ కొట్టి పెడితే సరిపోయింది. ఎస్టీమ్‌కీ అదే అయ్యుంటుంది.

చక్రం తిప్పు – హైదరాబాద్

ఇరవై ఏళ్ల బండికి ఈసీయూ పోవడం వింత కాదు బ్రదర్. లోపల కెపాసిటర్లు కారిపోతాయి. మార్చేసి టెన్షన్ లేకుండా తిరుగు. లేదా థ్రాటిల్ పక్కన స్క్రూ ఉంటుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది.

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

తమ్ముడూ, ఈసీయూ కొనకు. స్క్రూ కూడా ముట్టుకోకు, ఇప్పుడే వద్దు. 1,300 ఒకచోట, 1,600 ఇంకోచోట అని నువ్వే రాశావు కదా. చెడిపోయిన ఈసీయూ ట్రాఫిక్‌లో ఒక రకంగా, హైవే మీద ఇంకో రకంగా పద్ధతి ప్రకారం ప్రవర్తించదు. ఆ తేడాకి ఏదో కారణం ఉంది, అది దొరికితే సగం పని అయినట్టే.

పెట్రోల్ ఇంజిన్‌లో ఆర్‌పీఎం ఎక్కువగా ఉందంటే లోపలికి గాలి ఎక్కువగా పోతోందని అర్థం. ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ ఎంత కొట్టాలన్నది గాలిని బట్టే. కాబట్టి మొదటి ప్రశ్న ఒకటే: అది ఈసీయూ అడిగిన గాలా, అడగని గాలా? అడిగిన గాలి ఐఏసీ వాల్వ్ గుండా వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉందనుకున్నా, ఏసీ ఆన్‌లో ఉందనుకున్నా ఈసీయూ ఆ వాల్వ్‌ని తెరుస్తుంది. అడగని గాలి దొంగదారిన వస్తుంది. థ్రాటిల్ రేకు పూర్తిగా మూసుకోకపోయినా, ఏ రబ్బరు పైపో చీలినా, మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) ప్యాకింగ్ లీకైనా.

ఈ రెండింటినీ విడదీయకుండా ఏ పార్ట్ కొన్నా లాటరీయే. ముందు ఇవి చెప్పు. ఆక్సిలరేటర్ కేబుల్‌కి కాస్త లూజు ఉందా, బిగుసుకుని ఉందా? ఏసీ వేస్తే ముల్లు ఎటు కదులుతుంది? టెంపరేచర్ ముల్లు హైవేలో ఎక్కడుంటుంది, ట్రాఫిక్‌లో ఎక్కడుంటుంది?

ఓరుగల్లు ఎస్టీమ్ – హన్మకొండ

బాబాయ్ గారూ, థాంక్స్. కేబుల్ చేత్తో ఎత్తితే కొద్దిగా ఆడుతోంది, లూజు ఉంది. మ్యాట్ కూడా పెడల్‌కి అడ్డం లేదు. ఏసీ వేస్తే ముల్లు ఒక్క క్షణం కిందికి పోయి మళ్లీ అక్కడికే వస్తుంది.

టెంపరేచర్ ముల్లు సంగతి మీరు అడిగాకే గమనించా. హైవేలో కింది గీత కంటే కొంచెం పైన, అంతే. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే సగానికి దగ్గరగా వస్తుంది. హీట్ కావడం లేదు కదా అని సంతోషంగా ఉన్నా ఇన్నాళ్లూ.

సింగరేణి జిప్సీ – కొత్తగూడెం

ఆ ముల్లు మాట వినగానే నాకు అర్థమైపోయింది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) తీసేశారు. చూసుకోండి కావాలంటే.

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

సింగరేణీ, నాకూ అదే అనుమానం. కానీ అదొక్కటే కాదు. థర్మోస్టాట్ లేకపోతే ఐడ్లింగ్ కొంత పెరుగుతుందే తప్ప, థ్రాటిల్ క్లీన్ చేయగానే ఇంకా పైకి ఎగరదు. ఆ ఎగరడానికి వేరే కథ ఉంది. వరసగా పోదాం.

తమ్ముడూ, ఇది ఖర్చు లేని పరీక్ష. ట్రాఫిక్‌లో తిరిగి వచ్చాక, ముల్లు బాగా పైకి ఉన్నప్పుడు చేయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్‌కి వచ్చే లావు రబ్బరు గొట్టం విప్పు. థ్రాటిల్ రేకుకి ముందు, గోడలో ఒక రంధ్రం కనిపిస్తుంది. రేకుని పక్కదారి పట్టించి ఐఏసీకి గాలి పోయే దారి అదే. బండి స్టార్ట్ చేసి, ఆ రంధ్రాన్ని వేలితో మూసి చూడు. మంచి బండి అయితే ఇంజిన్ ఆగిపోవడమో, ఆగిపోయేంతగా దిగిపోవడమో జరగాలి. ఎందుకంటే ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలిలో ఎక్కువ భాగం ఆ దారినే రావాలి. మూసినా ఏమీ తేడా రాకపోతే మొత్తం దొంగ గాలే.

లుంగీ కట్టుకుని బానెట్ కింద వంగకండి. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది.

డాలస్ క్యామ్రీ – డాలస్

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పరీక్ష ఎస్టీమ్‌కి కుదురుతుంది గానీ నా 2003 క్యామ్రీ లాంటి వాటికి గొట్టం విప్పితే కుదరదు. ఇక్కడ గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఆ గొట్టం దారిలోనే ఉంటుంది. గొట్టం విప్పితే సెన్సర్‌కి గాలి తగలదు, ఇంజిన్ ఆగిపోతుంది. ఎస్టీమ్‌లో ఉండేది మ్యాప్ సెన్సర్. అది గాలిని నేరుగా కొలవదు, మానిఫోల్డ్‌లో వత్తిడి ఎంతుందో చూసి, ఆర్‌పీఎంతో కలిపి లెక్క కడుతుంది.

దీనివల్ల లీకు లక్షణం కూడా మారిపోతుంది. చాలామంది ఇంటర్నెట్‌లో చదివి పొరబడేది ఇక్కడే. మాఫ్ ఉన్న బండిలో పైపు చీలితే, సెన్సర్ చూడని గాలి లోపలికి పోతుంది. దానికి సరిపడా పెట్రోల్ పడదు కాబట్టి ఇంజిన్ దడదడలాడుతుంది, మిస్సింగ్ వస్తుంది. మ్యాప్ ఉన్న బండిలో ఎక్కడి నుంచి గాలి వచ్చినా మానిఫోల్డ్ వత్తిడి పెరుగుతుంది, సెన్సర్ అది చూస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ కొడుతుంది. ఇంజిన్ హాయిగా, నున్నగా, కానీ ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది. "ఇంజిన్ స్మూత్‌గానే ఉంది, కాబట్టి లీకు లేదు" అని ఎస్టీమ్ వాళ్లు అనుకోకూడదు.

ఓరుగల్లు ఎస్టీమ్ – హన్మకొండ

చేశా. మామూలుగా 1,300. వేలితో రంధ్రం మూస్తే 1,050కి దిగి అక్కడే నిలబడింది, ఆగలేదు. వేలు తీస్తే మళ్లీ 1,300. గాలి వేలిని గట్టిగానే లాగుతోంది.

సాంట్రో సీమ – కర్నూలు

చూశారా, వేలు పెడితే దిగింది. ఐఏసీ తెరుచుకునే ఉండిపోయింది. నేను ముందే చెప్పాను.

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

సీమ తమ్ముడూ, దిగింది నిజమే, కానీ 1,050 దగ్గర ఆగింది చూడు. దారి పూర్తిగా మూసినా ఇంజిన్ 1,050లో బతికిందంటే ఆ గాలి ఎక్కడిది? అది అడగని గాలి. పైన ఉన్న 250 మాత్రం ఐఏసీ గుండా వచ్చింది. అది వాల్వ్ ఇరుక్కుపోవడం వల్ల కావచ్చు, ఈసీయూ అడగడం వల్ల కావచ్చు. రెండు రోగాలు ఉన్నాయి. అందుకే గ్యారేజీలో ఎవరికీ దొరకలేదు. ఒకటి బాగు చేసి చూస్తే సమస్య పోదు, "ఇది కాదు" అనుకుని వదిలేస్తారు.

ముందు దొంగ గాలి. ఇంజిన్ నడుస్తుండగా మానిఫోల్డ్‌కి వచ్చే రబ్బరు పైపులు ఒక్కొక్కటే కట్టింగ్ ప్లయర్‌తో నొక్కు. మధ్యలో గుడ్డ పెట్టుకుని నొక్కు, పాత రబ్బరు పటుక్కున విరుగుతుంది. పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కి తెచ్చేది), క్యానిస్టర్ (పెట్రోల్ ఆవిరి పట్టే డబ్బా) నుంచి వచ్చేది, బ్రేక్ బూస్టర్ (బ్రేక్ తొక్కడం తేలిక చేసేది) పైపు, అన్నీ నొక్కు. మ్యాప్ సెన్సర్‌కి పోయే సన్న గొట్టం మాత్రం వదిలేయ్, దాన్ని నొక్కితే ఈసీయూ లెక్క తప్పి నిన్నే తికమక పెడుతుంది. ఏ పైపు నొక్కితే ఆర్‌పీఎం గట్టిగా దిగిందో రాయి. పీసీవీ నొక్కితే కొద్దిగా దిగడం మామూలే.

పాత ఓనర్ గ్యాస్ కిట్ తీయించాడన్నావు కదా. గ్యాస్ వత్తిడి తగ్గించే రెడ్యూసర్‌కి వ్యాక్యూమ్ ఇవ్వడానికి ఏదో ఒక పైపు మధ్యలో టీ (మూడు మూతుల జాయింటు) వేసి ఉంటారు. కిట్ తీసినప్పుడు ఆ టీ తీయరు. దాని మూతికి రబ్బరు టోపీయో, స్క్రూ దూర్చిన పైపు ముక్కో పెట్టి వదిలేస్తారు. ముందు దాన్ని వెతుకు.

గోదావరి జెన్ – రాజమండ్రి

కార్బ్ క్లీనర్ స్ప్రే కొడితే లీకు దొరుకుతుందంటారు కదా బాబాయ్?

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

దొరుకుతుంది. మానిఫోల్డ్ ప్యాకింగ్ అంచుల్లో, ఇంజెక్టర్ రబ్బర్ల దగ్గర పైపు నొక్కే పద్ధతి పనిచేయదు, అక్కడ స్ప్రేయే దిక్కు. కొట్టిన చోట లీకు ఉంటే ఆర్‌పీఎం మారుతుంది. కానీ వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడితే భగ్గుమంటుంది. ప్లగ్ వైరు పాతదై స్పార్క్ బయటికి కొట్టినా అంతే. నేను మా కుర్రాళ్లని సబ్బు నీళ్లు కొట్టమంటాను. లీకు దగ్గర నీళ్లు లోపలికి లాక్కుంటే చప్పుడు మారుతుంది. అగరబత్తి పొగ అని వీడియోలు చూపిస్తారు, ఫ్యాన్ గాలికి ఆ పొగ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

చక్రం తిప్పు – హైదరాబాద్

ఇంత చాదస్తం ఎందుకు, వ్యాక్యూమ్ గేజ్ పెడితే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) ఉండాలి. నా బండిలో 16 ఉంది, లీకు ఉన్నట్టే కదా?

డాలస్ క్యామ్రీ – డాలస్

ఆ 17–21 అన్నది సముద్రమట్టం లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకి దాదాపు ఒక అంగుళం తగ్గించుకోవాలి. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే పావు తక్కువ రెండు అంగుళాలు పోతాయి. మీ 16 అక్కడ మామూలే. అదే 16 విశాఖలో వస్తే ఆలోచించాలి. ముల్లు నిలకడగా ఉందా, వణుకుతోందా అన్నది అంకె కంటే ముఖ్యం.

ఓరుగల్లు ఎస్టీమ్ – హన్మకొండ

బాబాయ్ గారూ, మీరు అన్నట్టే దొరికింది! బ్రేక్ బూస్టర్ పైపు నొక్కితే తేడా లేదు. పీసీవీ నొక్కితే కొంచెం దిగింది. మానిఫోల్డ్ వెనకాల, చేయి కూడా సరిగా పోని చోట, ఒక ప్లాస్టిక్ టీ ఉంది. దాని మూతికి సైకిల్ ట్యూబు ముక్క మడిచి వైరుతో కట్టి ఉంది. ఎండి, పగిలి, వేలు పెడితే గాలి లాగుతోంది. టీ మొత్తం తీసేసి కొత్త పైపు వేశా. ఇంతసేపూ ఇంజిన్ శబ్దంలో ఆ "స్‌స్" అనే చప్పుడు కలిసిపోయి వినిపించలేదు.

ఇప్పుడు రంధ్రం మూస్తే 900. ఇంకా ఆగడం లేదు.

సింగరేణి జిప్సీ – కొత్తగూడెం

సైకిల్ ట్యూబు! మనవాళ్ల బుర్రకి దండం పెట్టాలి. కొన్నాళ్లు పనిచేసింది కూడా చూడండి.

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

భేష్. మిగిలింది థ్రాటిల్ రేకు. దాన్ని పూర్తిగా మూసుకోకుండా ఆపే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, కేబుల్ తగిలే చోట. కంపెనీలో సెట్ చేసి పెయింటు చుక్క వేస్తారు. ఆ పెయింటు పగిలి, మరలు మెరుస్తూ కనిపిస్తే ఎవరో తిప్పినట్టే. నా లెక్క ప్రకారం ఎండాకాలంలో జరిగింది ఇది: థ్రాటిల్ నిండా మసి పట్టి గాలి తగ్గింది, ఏసీ వేస్తే ఇంజిన్ ఆగింది. గ్యారేజీవాళ్లు మసి తుడవకుండా స్క్రూ బిగించి రేకుని కాస్త తెరిచారు. ఆగడం మానేసింది. ఇప్పుడు నువ్వు మసి తుడిపించావు, తెరిచిన రేకు తెరిచినట్టే ఉంది. క్లీన్ చేశాక ఐడ్లింగ్ ఎగిరింది అందుకే.

స్క్రూ లాక్ నట్టు వదులు చేసి, మరకి లివర్ తగలనంత వెనక్కి తిప్పు. రేకు గొట్టంలో దానంతట అది మూసుకుంటుంది. మళ్లీ ముందుకి తిప్పుతూ, లివర్‌కి తగిలే క్షణం దగ్గర ఆపు. ఒక సన్న కాగితం మధ్యలో పెట్టి చూస్తే ఆ క్షణం తెలుస్తుంది. అక్కడి నుంచి చాలా కొద్దిగా, రేకు గోడకి ఒరుసుకుని పట్టేయకుండా ఉండేంత తిప్పి లాక్ చేయి. ఆ తర్వాత టీపీఎస్ (రేకు ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్) సిగ్నల్ వైరులో వోల్టేజీ చూడు. కాలు తీసేసినప్పుడు చాలా బండ్లలో అర వోల్టు అటూఇటూగా ఉంటుంది. ఎక్కువ ఉంటే డ్రైవర్ కాలు ఇంకా పెడల్ మీదే ఉందని ఈసీయూ అనుకుంటుంది, ఐడ్లింగ్ కంట్రోల్‌కి రానే రాదు. గేర్లో కాలు తీసేసినా బండి ఉరకడానికి అది కూడా ఒక కారణమే.

చక్రం తిప్పు – హైదరాబాద్

నేను మొదట్లోనే స్క్రూ అన్నాను.

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

అన్నావు. ఆ టీ లీకు ఉండగా స్క్రూ తిప్పి ఉంటే ముల్లు దిగేదే కాదు, ఇంకా తిప్పి తిప్పి రేకు ఇరుక్కునేది.

ఓరుగల్లు ఎస్టీమ్ – హన్మకొండ

పెయింటు లేదు, మరలు మెరుస్తున్నాయి. మీరు చెప్పినట్టే సెట్ చేశా. టీపీఎస్ 0.9 ఉండేది, ఇప్పుడు 0.6. రంధ్రం మూస్తే ఇంజిన్ ఆగిపోయింది! బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఉంచి పెట్టా.

ట్రాఫిక్‌లో ఇప్పుడు 950. కానీ హైవేలో నడిపి ఆపితే ఇంకా 1,250 వస్తోంది.

సింగరేణి జిప్సీ – కొత్తగూడెం

ఇక నా మాట వినండి. నా జిప్సీ కింగ్‌లోనూ ఇదే జి13బిబి ఇంజిన్. చలికాలం పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, రేడియేటర్ పైన లావు హోస్ పైపు పట్టుకోండి. ఇంజిన్ వేడెక్కేదాకా అది చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ లేనట్టు, లేదా తెరుచుకుని ఇరుక్కున్నట్టు.

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

దాంతోపాటు ఒకటి. హైవే నుంచి రాగానే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ప్లగ్గు తీసి ఓమ్స్ కొలువు. డ్యాష్ బోర్డు ముల్లుకి వేరే సెన్సర్ ఉంటుంది, ఈసీయూకి పోయేది రెండు వైర్లది. సుజుకీ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర దాదాపు రెండున్నర కిలో ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర దాదాపు 320 ఓమ్స్ చూపిస్తుంది. వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. సెన్సర్ అబద్ధం చెబుతోందా, ఇంజిన్ నిజంగానే చల్లగా ఉందా అన్నది దీంతో తేలుతుంది.

ఓరుగల్లు ఎస్టీమ్ – హన్మకొండ

పొద్దున హోస్ పట్టుకున్నా. మొదటి నుంచే వెచ్చబడింది. హైవే నుంచి రాగానే సెన్సర్ 700 ఓమ్స్ చూపించింది. ఇంటి ముందు ఇంజిన్ ఆన్‌లో పెట్టి ముల్లు పైకి వచ్చాక చూస్తే 350.

డాలస్ క్యామ్రీ – డాలస్

700 అంటే ఆ రకం సెన్సర్‌లో 55 డిగ్రీల చుట్టుపక్కల. సెన్సర్ సత్యమే చెబుతోంది. గంటకి 80లో గాలి కొడుతుంటే మీ ఇంజిన్ 55 డిగ్రీల్లోనే ఉండిపోతోంది. ఈసీయూ దృష్టిలో అది ఇంకా పొద్దున్నే నిద్ర లేస్తున్న బండి. ఐడ్లింగ్ ఎక్కువ పెడుతుంది, పెట్రోల్ ఎక్కువ కొడుతుంది. మీ మైలేజీ అందులోనే పోతోంది. పాపం ఈసీయూని మార్చబోయారు, అది దాని పని అది చేస్తోంది.

చక్రం తిప్పు – హైదరాబాద్

ఒక మాట. మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకసలు? అది మంచు కురిసే దేశాల కోసం పెట్టింది. తీసేస్తే నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి, ఇంజిన్ చల్లగా ఉంటుంది. మా మెకానిక్ ముప్పై ఏళ్లుగా అన్ని బండ్లకీ తీసేస్తున్నాడు, ఏ బండీ చావలేదు.

సింగరేణి జిప్సీ – కొత్తగూడెం

అన్నా, మాది కొత్తగూడెం. మే నెలలో 45 దాటుతుంది. ఎండ గురించి మాకు చెప్పకండి. బయట 45 ఉన్నా ఇంజిన్‌కి కావలసింది 80, 90. అంటే మా ఎండ కూడా ఇంజిన్ లెక్కలో చల్లదనమే. థర్మోస్టాట్ వేడి పెంచే యంత్రం కాదు. 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, ఇంకో పదీ పన్నెండు డిగ్రీలకి పూర్తిగా తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక అది ఉన్నా లేనట్టే. ఇంకా హీట్ అవుతోందంటే రేడియేటర్ పూడుకుపోయిందనో, ఫ్యాన్ తిరగడం లేదనో, మూత పట్టు పోయిందనో అర్థం. అసలు రోగం వదిలి థర్మోస్టాట్ తీసేస్తే ట్రాఫిక్‌లో ముల్లు ఎక్కడానికి కాస్త ఎక్కువ టైమ్ పడుతుంది, అంతే లాభం.

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

నేను ఆటోనగర్లోనే పని నేర్చుకున్నా. కార్బురేటర్ బండ్ల రోజుల్లో మేమూ తీసేసేవాళ్లం. అప్పట్లో ఇంజిన్ టెంపరేచర్ ఎంతుందో అడిగే ఈసీయూ లేదు, చోక్ నెట్టేస్తే అయిపోయేది. ఎంపీఎఫ్‌ఐ వచ్చాక ఆ అలవాటు మానాలి, చాలా గ్యారేజీల్లో మానలేదు.

మైలేజీ ఒక్కటే కాదు పోయేది. చల్లని ఇంజిన్‌లో ఎక్కువ పెట్రోల్ పడితే అది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, కొంత కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ సరిగా కాగకపోతే అందులో చేరిన తేమ ఎగిరిపోదు. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల తెల్లగా మీగడలాంటిది కనిపిస్తుంది. హెడ్ ప్యాకింగ్ పోయిందని భయపడి బండి విప్పించుకున్నవాళ్లని చూశాను. ఇంకోటి, కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే నీళ్లు కొన్ని రేడియేటర్‌కి పోకుండానే తిరిగొస్తాయి. చల్లబరచబోయి ఇంకా హీట్ చేసుకున్నట్టవుతుంది.

గోదావరి జెన్ – రాజమండ్రి

నిన్ననే నా జెన్ ఆయిల్ మూత కింద తెల్లగా చూసి నిద్రపోలేదు. హమ్మయ్య.

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

హమ్మయ్య అప్పుడే అనకు. కూలెంట్ లెవెల్ తగ్గుతోందా, డిప్‌స్టిక్ మీద కూడా తెలుపు ఉందా చూడు. ఆ రెండూ లేకపోతేనే నిశ్చింత.

ఎర్ర స్విఫ్ట్ – గుంటూరు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నా డీజిల్ స్విఫ్ట్‌లో కూడా రేస్ ఎక్కువే ఉంది. ఈ వేలి పరీక్ష చేయొచ్చా?

డాలస్ క్యామ్రీ – డాలస్

వద్దండి. డీజిల్‌లో ఆర్‌పీఎంని నడిపేది ఇంధనం, గాలి కాదు. ఈ థ్రెడ్‌లో చెప్పిన గాలి పరీక్షలు దానికి వర్తించవు. వేరే థ్రెడ్ పెట్టండి. రేస్ ఇవ్వకుండానే పెరుగుతూ పోతుంటే మాత్రం నడపకుండా చూపించండి, టర్బో నుంచి ఇంజిన్ ఆయిల్ పీల్చుకుంటే అలా అవుతుంది.

ఓరుగల్లు ఎస్టీమ్ – హన్మకొండ

హౌసింగ్ విప్పించా. లోపల ఖాళీ. థర్మోస్టాట్ కూర్చునే గాడి తుప్పు పట్టి ఉంది. మా గ్యారేజీ తీసిందో, అంతకు ముందే లేదో తెలియదు. 82 డిగ్రీలది కొత్తది దొరికింది, ప్యాకింగ్ కూడా తెచ్చా. ఎక్కించేటప్పుడు ఏమైనా చూసుకోవాలా?

సింగరేణి జిప్సీ – కొత్తగూడెం

స్ప్రింగు వైపు ఇంజిన్‌లోకి ఉండాలి. అంచున చిన్న రంధ్రంలో ఆడుతుండే పిన్ను పైకి వచ్చేలా పెట్టండి, గాలి బయటికి పోయేది దాని గుండానే. ముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి, తెరుచుకుంటోందో లేదో చూసి ఎక్కించడం మంచిది, కొత్తదైనా సరే. తుప్పుని నున్నగా గీకకపోతే ప్యాకింగ్ దగ్గర కారుతుంది. కుళాయి నీళ్లు పోయకండి, ఆ తుప్పు వాటి వల్లే. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. నింపాక మూత తీసే ఉంచి ఇంజిన్ నడపండి, బుడగలు ఆగేదాకా. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక లెవెల్ చూసి మూత పెట్టండి.

ఫ్యాన్ తిరగకపోతే మాత్రం అక్కడే ఆపేయండి. ఎండాకాలంలో హీట్ అయిందన్నారు కదా, దానికి అసలు కారణం అదే కావచ్చు.

ఓరుగల్లు ఎస్టీమ్ – హన్మకొండ

అప్‌డేట్. థర్మోస్టాట్ వేశా. ఫ్యాన్ తిరగలేదు! రిలే మార్చి చూస్తే తిరిగింది. రిలే లోపల పాయింట్లు కాలిపోయి ఉన్నాయి. ఏసీ ఫ్యాన్ వేరే కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు టెంపరేచర్ ముల్లు సగానికి కొద్దిగా కింద నిలబడింది, హైవేలోనూ అక్కడే, ట్రాఫిక్‌లోనూ అక్కడే. ఐడ్లింగ్ 850. ఏసీ వేస్తే 950 దగ్గరికి ఎక్కి నిలబడుతుంది. సెకండ్ గేర్లో కాలు తీస్తే బండి నెమ్మదిస్తోంది. మైలేజీ ట్యాంకు ఖాళీ అయ్యాక చెబుతా.

ఈసీయూ తెస్తానన్న మెకానిక్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పా. "ఎవరు చేశారు?" అని అడిగాడు. విజయవాడ బాబాయ్ అని చెప్పా.

చక్రం తిప్పు – హైదరాబాద్

కంగ్రాట్స్ బ్రదర్. వచ్చే మే నెలలో మళ్లీ ఇదే థ్రెడ్‌లో కలుద్దాం, హీట్ అవుతోందని రాస్తావు.

సింగరేణి జిప్సీ – కొత్తగూడెం

రాయడు. ఫ్యాన్ బాగైంది కదా.

గోదావరి జెన్ – రాజమండ్రి

బాబాయ్ గారూ, నాది వేరే రకం. 2003 జెన్. ఐడ్లింగ్ ఒకచోట నిలబడదు. 1,800 దాకా పోతుంది, ధబ్బున 1,100కి పడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఊయల ఊగినట్టు ఆగకుండా. వేడి ఇంజిన్‌లోనే ఇలా. కూలెంట్ తగ్గలేదు, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంది. అది కూడా థర్మోస్టాటేనా?

ఆటోనగర్ బాబాయ్ – విజయవాడ

కాదు. నీది దొంగ గాలి బాగా ఎక్కువైన కేసులా ఉంది. కాలు పెడల్ మీద లేదు, అయినా ఆర్‌పీఎం ఎక్కువుంది అంటే బండి ఘాట్ రోడ్డులో దిగుతోందని ఈసీయూ అనుకుంటుంది. ఆదా కోసం పెట్రోల్ ఆపేస్తుంది. ముల్లు పడుతుంది. ఇంజిన్ ఆగిపోకుండా మళ్లీ పెట్రోల్ వదులుతుంది. గాలి ఎక్కువుంది కాబట్టి మళ్లీ పైకి ఎగురుతుంది. అలా తిరుగుతూనే ఉంటుంది. సెన్సర్లు అన్నీ బాగున్నా ఇది వస్తుంది కాబట్టి ఇంజిన్ లైట్ వెలగదు. డయాగ్నోసిస్ కనెక్టర్‌లో వైరు షార్ట్ చేసి లైటు మెరుపులు లెక్కపెట్టినా 12 అనే చూపిస్తుంది. 12 అంటే ఏ తప్పూ లేదని.

బ్రేక్ బూస్టర్ నుంచి మొదలుపెట్టు. ఇంజిన్ ఆపి బ్రేక్ గట్టిపడేదాకా తొక్కు, తొక్కిపట్టి స్టార్ట్ చేయి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోయినా, తొక్కినప్పుడు ముల్లు ఊగే తీరు మారినా బూస్టర్ డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చూడాలి. అలాంటప్పుడు బండి బయటికి తీయకు, అది బ్రేకు సంగతి. బూస్టర్ బాగుంటే పైపులు ఒక్కొక్కటే నొక్కి, వేలి పరీక్షలో ఎంత దిగిందో ఇక్కడ రాయి. నీ బండికి కూడా ఎప్పుడైనా గ్యాస్ కిట్ ఉండేదా?

గోదావరి జెన్ – రాజమండ్రి

ఉండేది బాబాయ్. ఇప్పుడే టార్చి లైటు తీసుకుని వెళ్తున్నా.